మళ్లీ ఎప్పుడొత్తారు?

నిర్గమకాండంలో చదివినప్పుడల్లా నాకు నవ్వొచ్చే చోటు ఒకటుంది. మోషే కొండ దిగి వచ్చేసరికి జనం బంగారు దూడ చుట్టూ గంతులేస్తున్నారు. ఇదేం పనని నిలదీస్తే అహరోను ఇచ్చిన సంజాయిషీ వినండి. జనం బంగారం తెచ్చి ఇచ్చారట, ఈయన దాన్ని అగ్నిలో వేశాడట, అందులోంచి దూడ బయటికొచ్చిందట. పోత పోసిందెవరు, పోగర పట్టి దానికి మూతీ ముట్టే దిద్దిందెవరు అన్న సంగతి మాత్రం ఆయన మాటల్లో ఎక్కడా రాదు. దూడ దానంతటదే నడిచి వచ్చేసింది!

వేసవిలో సువార్త యాత్ర ముగిశాక మా సంఘంలో ఓ ఆదివారం సాయంత్రం సాక్ష్యాల కూడిక పెడతారు. అక్కడ కూర్చున్నప్పుడు నాకు అహరోను తప్పకుండా గుర్తొస్తాడు. వీబీఎస్‌కి, అంటే సెలవుల బైబిలు బడికి, పిల్లలు బాగా వచ్చారు, దేవుని కృప. వాన పడలేదు, దేవుని కృప. రెండో రోజు రాత్రి పాట మధ్యలో జనరేటరు ఆగిపోయింది, సాతాను అడ్డుపడ్డాడు. దేవుడికీ సాతానుకీ నడుమ, డీజిలు పోయించడం మరిచిపోయిన కుర్రాడు నిక్షేపంగా తప్పించుకున్నాడు. అందరం చప్పట్లు కొట్టి మహిమ దేవుడికి చెల్లించి, టీ, సమోసా తీసుకుని ఇళ్లకు పోయాం.

నేనీ మాట విశ్వాసానికి బయట నిలబడి అనడం లేదు. కృప అన్నది తీసేస్తే నా మతంలో నాకు మిగిలేదేమీ లేదు. దాన్ని ఎక్కడ తెచ్చి పెడుతున్నామన్నదే నా పేచీ. ఫలితం దేవుడిదని చెప్పడం వినయం. పని కూడా ఆయన మీదికే నెట్టి మనం పక్కకి తప్పుకోవడాన్ని ఏమనాలో మీరే చెప్పండి.

యాత్ర అంటే మరీ పెద్దదేం ఊహించుకోకండి. విశాఖపట్నం నుంచి హైవే మీద అనకాపల్లి దాటి ఎలమంచిలి దాకా. ఓ బస్సు, డోలక్కు, కీబోర్డు, రంగు కాగితాలు, మందుల డబ్బాలు, కరపత్రాల కట్టలు, దారిపొడుగునా పాటలు. అక్కణ్ణుంచి జట్లుగా విడిపోయి పల్లెలకి వెళ్తాం. ఒకపక్క చెరుకు తోటలు, వరాహ నది ఒడ్డున అంకుడు కర్ర బొమ్మల ఏటికొప్పాక. ఇటు సముద్రం వైపు పోతే మత్స్యకారుల పేటలు. ఈమధ్య అచ్యుతాపురం కంపెనీల షిఫ్టు బస్సులొచ్చి, పగటిపూట పల్లెల్లో కుర్రాళ్లు కనిపించడం మానేశారు. మా కూడికల్లో ముసలివాళ్లూ ఆడవాళ్లూ పిల్లలే ఎక్కువ.

ఈ ప్రాంతానికి మిషన్ వాళ్లు కొత్త కాదు. కెనడా బాప్టిస్టులు పందొమ్మిదో శతాబ్దం చివర్లోనే ఎలమంచిలిలో మిషన్ స్టేషను పెట్టారు. అసలు వాళ్లని మన వైపు రప్పించింది తెలుగువాడే. టెలిగ్రాఫు శాఖలో ఉద్యోగం వదులుకుని, అప్పులు చేసి కాకినాడలో సొంతంగా పరిచర్య నడిపిన తామస్ గాబ్రియేలు పిలిస్తేనే జాన్ మెక్లారిన్ 1874లో కాకినాడ చేరాడు. విశాఖపట్నమైతే ఇంకా ముందు. లండన్ మిషన్ తరఫున జార్జి క్రాన్, అగస్టస్ డెగ్రాంజ్ 1805లోనే అక్కడ దిగారు. తెలుగు నేర్చుకుని సువార్తల అనువాదం మొదలుపెట్టారు, ఆనందరాయర్ అనే బ్రాహ్మణ క్రైస్తవుడు తోడు నిలిచాడు. క్రాన్ 1809లో, డెగ్రాంజ్ 1810లో ఈ గడ్డ మీదే కన్నుమూశారు. అచ్చయిన మత్తయి, మార్కు, లూకా సువార్తలని ఇద్దరూ చూడలేదు. వాళ్లని ఆకాశానికెత్తడం నా ఉద్దేశం కాదు. కుంపిణీ రోజులు, తెల్లతోలు ఇచ్చే ధీమా, అన్నీ ఉన్నాయి. అయినా వాళ్లు తిరుగు టికెట్టు జేబులో పెట్టుకుని రాలేదు. మనం పెట్టుకునే వస్తాం. వచ్చినవాడు ఉండిపోయేటప్పుడు అక్కర్లేని ప్రశ్నలు కొన్ని, వారం రోజుల్లో వెళ్లిపోయేవాడికి తప్పవు.

ఒకసారి ఓ పల్లెలో ఎలిమెంటరీ స్కూలు వరండాలో మెడికల్ క్యాంపు పెట్టాం. డెబ్బై దాటినావిడ, ముక్కుకి పాతకాలం నత్తు, కాళ్లకి చెప్పుల్లేవు. బీపీ చూస్తే డాక్టరుగారు నమ్మలేక రెండోసారి పట్టీ చుట్టారు. పది రోజులకి మాత్రలు రాశారు. మందుల బల్ల దగ్గరున్న కుర్రాడు చురుకైనవాడు. ఆవిడకి చదువు రాదని తెలిసి పొట్లం మీద పెన్నుతో సూర్యుడి బొమ్మ గీశాడు, పొద్దున్నే వేసుకోవాలని. ఆవిడ పొట్లాన్ని కొంగున ముడేసుకుంది కానీ కదల్లేదు. వెనక వరస తోసుకొస్తున్నా అక్కడే నిలబడి అడిగింది.

“ఇయ్యి అయిపోతే ఎలాగ బాబూ? మళ్లీ ఎప్పుడొత్తారు?”

“దేవుడు చూసుకుంటాడు మామ్మా, ప్రార్థన చేసుకో” అన్నాడు వాడు, ఏమాత్రం తడుముకోకుండా.

ఆ మాటలో అబద్ధం లేదు. వాడికి నిజంగానే ఆ నమ్మకం ఉంది. కానీ ఆవిడ అడిగింది దేవుణ్ని కాదు, వాణ్ని.

మా జట్టులో సర్కారు ఆసుపత్రిలో నర్సుగా చేసి రిటైరైన ఆవిడ ఒకరున్నారు. ఆ జవాబు చెవినపడగానే కుర్చీలోంచి లేచి వచ్చారు. ఊళ్లో ఆశా వర్కరెవరో కనుక్కుని కబురంపారు. బీపీ మాత్రలు పీహెచ్‌సీలో ఊరికే ఇస్తారు. అయిపోకముందే వెళ్లి తెచ్చుకోవాలి, తగ్గింది కదాని మానేస్తే పక్షవాతమొస్తుంది. ఈ ముక్కలు మామ్మకి చెప్పి ఊరుకోలేదు. మనవరాల్ని పిలిపించి ఆ పిల్ల చేత తిరిగి చెప్పించారు. ఆ పూట బీపీ, షుగరు ఎక్కువ ఉన్నవాళ్ల పేర్లన్నీ నోటుపుస్తకం కాగితం మీద రాసి ఆశా చేతిలో పెట్టారు. అందుకు నాలుగైదు పాటలు పాడేంత సేపు పట్టింది. రాత్రి కూడికకి ఆవిడ రాలేదు. మోకాళ్లు లాగేస్తున్నాయని పెందరాళే పడుకున్నారు. సాక్ష్యాల ఆదివారం ఆవిడ పేరు ఎవరూ ఎత్తలేదు, ఆవిడా ఎత్తలేదు.

మంచి సమరయుడి కథ సండేస్కూల్లో మనమంతా విన్నదే. దొంగల చేతిలో దెబ్బలు తిన్నవాడి గాయాలకి నూనె, ద్రాక్షారసం పోసి కట్టు కట్టడం, గాడిద మీద ఎక్కించడం. బొమ్మల చార్టు సాధారణంగా అక్కడితో అయిపోతుంది. తర్వాతి భాగం బొమ్మకి లొంగదు మరి. పూటకూళ్ల ఇంటివాడికి రెండు దేనారాలిచ్చి, ఇంతకు మించి ఖర్చయితే తిరిగి వచ్చేటప్పుడు ఇచ్చుకుంటానని చెప్పి వెళ్లాడు సమరయుడు. అతనికీ సొంత పనులున్నాయి, అక్కడే కూర్చోలేదు. కాకపోతే వెళ్తూ వెళ్తూ ఆ మనిషిని ఫలానావాడి చేతుల్లో పెట్టాడు, ఖర్చు తన మీద వేసుకున్నాడు, మళ్లీ ఆ దారిన వస్తానని మాటిచ్చాడు. యేసు చెప్పిన కథలో సగం బరువు ఈ బేరంలోనే ఉందని నాకనిపిస్తుంది.

మేం బస్సెక్కాక ఊళ్లో మిగిలేది పాస్టరుగారు. రేకుల షెడ్డు చర్చి, దాని వెనకే రెండు గదుల కాపురం, అమ్మగారి కుట్టుమిషను. ఊళ్లో అందరితోనూ ఆయనకి అవసరాలుంటాయి. పాలవాడితో, కరెంటాయనతో, కిరాణా కొట్టుతో, స్కూలు మేష్టరుతో. మా జట్టులో గొంతున్న కుర్రాడొకడు మైకు పట్టుకుని ఊరి దేవతల మీద వెటకారం చేస్తే మావాళ్లు ఆమేన్ అంటారు. మర్నాడు టీ కొట్టు దగ్గర ఊరి మొహాలు చూడాల్సింది మాత్రం ఆయన. పండగ చందాకి వచ్చినవాళ్లకి జవాబు చెప్పాల్సిందీ ఆయనే. ధైర్యంగా సాక్ష్యమిచ్చానని కుర్రాడు అనుకుంటాడు. ధైర్యం వాడిది, దాని ఖర్చు ఇంకొకరిది.

సముద్రాలు దాటి వచ్చే మనవాళ్ల సంగతి మరోటి. అమెరికాలోని తెలుగు సంఘాల నుంచి సెలవుల్లో పిల్లల్ని వెంటేసుకుని వస్తారు. మంచి ఉద్దేశంతోనే వస్తారు, నాకు సందేహం లేదు. ఆ పిల్లలు చాపల మీద కూర్చుని గోంగూర అన్నం తిని వెళ్లినందువల్ల వాళ్లకే బోలెడు మేలు. కానీ మన దేశంలో మిషనరీ వీసా వేరు, టూరిస్టు వీసా వేరు. టూరిస్టుగా దిగి మతప్రచారం చేస్తే నిబంధన తప్పినట్టే. ఓసీఐ కార్డున్నా మిషనరీ పనికి ప్రత్యేక అనుమతి ఉండాలి. ఈ సంగతి గుర్తు చేస్తే, దేవుడు తలుపు తెరుస్తాడు బ్రదర్ అంటారు. తెరుస్తాడు. విమానం హైదరాబాదులో లేచాక పోలీసు స్టేషను తలుపు తెరుచుకుంటుంది, మన పాస్టరుగారికి.

ఇంతకంటే బరువైనది చివరి రాత్రి పిలుపు. ప్రభువుని అంగీకరించినవాళ్లు చేతులెత్తండి అంటారు. లైట్ల వెలుగులో ఎత్తిన చేతుల్ని ఎవరో ఒకరు లెక్కపెడతారు. ఆ అంకె రిపోర్టులోకెక్కుతుంది. ఆ చెయ్యి మాలపల్లెదో మాదిగపల్లెదో అయితే దాని వెనకాల 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ఒకటుంటుంది. షెడ్యూల్డు కులం హోదా మొదట హిందువులకే, తర్వాత సిక్కులకి, బౌద్ధులకి కూడా ఇచ్చారు. క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. మన రాష్ట్రంలో బీసీ-సీ కింద ఒక్క శాతం కోటాలోకి మారాలి. కులం చర్చి గుమ్మం దాకా వచ్చి అక్కడ చెప్పులతో పాటు ఆగిపోదని తెలిసినవాణ్ని కాబట్టి నా మట్టుకు నాకు ఆ ఉత్తర్వు అన్యాయంగానే తోస్తుంది. అది వేరే వాదన. అమల్లో ఉన్నది అమల్లో ఉంది. ఆదివారం చర్చిలో ఒకరు, ఎమ్మార్వో ఆఫీసు కాగితంలో ఇంకొకరు, ఇలా రెండు బతుకుల మధ్య నలిగేవాళ్లు మన సంఘాల్లో ఎందరో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు. ఇంటర్ చదివే పిల్ల చెయ్యెత్తితే, ఆమె ఏం వదులుకోవాల్సి రావచ్చో ఆమెకి ముందే చెప్పాలా, చెప్పకూడదా? చెబితే కొన్ని చేతులు దిగుతాయి. దిగనివ్వాలి.

ఇక్కడే నాకు ఒంగోలు క్లౌ దొర గుర్తొస్తాడు. జాన్ ఎవరెట్ క్లౌ, అమెరికన్ బాప్టిస్టు. మిషనరీ కాకముందు సర్వే పని చేసినవాడు. 1866లో ఒంగోలు చేరాడు. పదేళ్లకి ధాత కరువు వచ్చింది. పైరు లేదు, గొడ్డు లేదు, జనం రోడ్ల మీద పడి చచ్చిపోతున్నారు. సర్కారు కరువు పనుల కింద బకింగ్‌హామ్ కాలవ తవ్విస్తోంది. క్లౌ మూడున్నర మైళ్ల ముక్క తానే కాంట్రాక్టు తీసుకున్నాడు. వేల మందికి తట్టా పారా ఇచ్చి కూలి గిట్టేలా చూశాడు. ఆయన దగ్గర పనిచేసే తెలుగు బోధకులే మేస్త్రీలు. పని ఆగినప్పుడు మట్టిగుట్టల పక్కన కూర్చుని మాట్లాడేదీ వాళ్లే. తమకీ బాప్తిస్మం ఇమ్మని జనం అడగడం మొదలుపెట్టారు.

ఆయన ఇవ్వలేదు. కరువు సాయం నడిచినన్నాళ్లూ, ఏడాదికి పైగా, బాప్తిస్మాలు ఆపేశాడు. తన చేతి మీదుగా నూకలు అందుతున్నంతకాలం ఎదుటివాడు అడుగుతున్నది దేవుణ్నో నూకల్నో తేల్చడం తనవల్ల కాదని ఆయనకి తెలుసు. బహుశా అడిగేవాడికే తెలియదు. అమెరికాలో చందాలిచ్చేవాళ్లకి అంకెలు కావాలి. కావలసినన్ని అంకెలు కళ్ల ముందు కాలవగట్టు మీద నిలబడి ఉన్నాయి. ఆయన పుస్తకం మూసేశాడు. పనులు, సాయం అయిపోయాక కూడా జనం వస్తూనే ఉన్నారు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున వెల్లంపల్లి దగ్గర ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆరుగురు తెలుగు బోధకులు ఇద్దరేసి చొప్పున వంతులేసుకుని నీళ్లలోకి దిగారు. దొర మాత్రం ఎవరికీ ఇవ్వలేదు.

ఆ నాలుగు రెళ్ల గురించి మన ఉజ్జీవ సభల్లో ఎన్నిసార్లు విన్నామో లెక్కలేదు. దానికి ముందరి ఏడాది సున్నా గురించి ఏ ప్రసంగీకుడూ చెప్పగా వినలేదు. నాకు గౌరవమంతా ఆ సున్నా మీదే. కరువే లేకపోతే అంతమంది వచ్చేవారా అని అడిగే చరిత్రకారులున్నారు. అడగాల్సిన ప్రశ్నే. తిండి దొరికిన చోటు అన్న జ్ఞాపకం అంత త్వరగా చెరిగిపోదు. మాదిగపల్లెకి తిండితో పాటు పేరు పెట్టి పిలిచే మనిషి కూడా దొరికాడన్నది ఆ ప్రశ్నకి జవాబులో భాగం. క్లౌ అన్నిటినీ తేల్చేశాడని నేననను. తేల్చలేనిదాన్ని దేవుడి చిత్తం అని పిలిచి చేతులు దులుపుకోలేదు, అంతే.

మిషన్ యాత్ర మధ్యలో జట్టుని వదిలేసి ఇంటికి పోయినవాడు బైబిల్లోనే ఉన్నాడు. మార్కు అనే మారుపేరున్న యోహాను. పెర్గే దాకా వచ్చి యెరూషలేముకి తిరిగి వెళ్లిపోయాడు. రెండో యాత్రకి వాణ్ని మళ్లీ తీసుకెళ్దామని బర్నబా, వద్దంటే వద్దని పౌలు. మాటా మాటా పెరిగి చెరో దారి పట్టారు. అపొస్తలుల కార్యములు రాసినాయన ఈ గొడవని దాచలేదు, ఆత్మీయ భాషతో పూత పూయలేదు. వెళ్లిపోయినవాడు ఫలానా, కోపమొచ్చింది ఫలానావాడికి, అంతే. ఎన్నో ఏళ్ల తర్వాత చెరసాలలోంచి పౌలు తిమోతికి రాస్తూ, మార్కుని వెంటబెట్టుకు రా, వాడు నాకు పనికొస్తాడు అన్నాడు. తప్పు ఎవరిదో తేలింది కాబట్టి క్షమించడానికి ఒక మనిషంటూ మిగిలాడు. మా జనరేటరు విషయంలో ఆ వీలు కూడా లేకపోయింది. సాతానుని క్షమించలేం కదా.

డబ్బు దగ్గరా పౌలు ఇంతే ఖచ్చితం. యెరూషలేము పేదల కోసం పోగైన చందాని ఒంటిగా పట్టుకెళ్లకుండా, ఎవరూ వేలెత్తి చూపకూడదని సంఘాలు ఎన్నుకున్నవాళ్లని వెంట ఉంచుకున్నాడు. మన దగ్గర లెక్క అడిగినవాడికి విశ్వాసం తక్కువని పేరు. ఇంతకంటే దీని గురించి రాస్తే నాకే విసుగొస్తుంది.

పంపేవాళ్ల బాధ్యత గురించి ఎవరైనా అడిగితే నేను జాన్ రంగయ్య పేరు చెబుతాను. దక్షిణాఫ్రికాలోని నటాల్ చెరుకు తోటలకి కూలి ఒప్పందాల మీద వెళ్లిన తెలుగువాళ్లలో మన విశాఖ జిల్లా వాళ్లూ చాలామంది. వాళ్ల మంచిచెడ్డలు చూడ్డానికి దొరల్ని పంపమని అడక్కుండా, తెలుగు బాప్టిస్టులు తామే ఒక సంఘం కట్టి, కానుకలు పోగేసి, నెల్లూరు వైపు నుంచి రంగయ్యని 1903లో నటాల్ పంపారు.  ఆయన కియర్స్‌నీ తోటల్లో తెలుగు సంఘాన్ని నిలబెట్టి, 1915లో చనిపోయేదాకా ఆ పనిలోనే ఉన్నాడు. ఎలమంచిలి వైపు బస్సులో వెళ్తూ చెరుకు తోటలు కనబడితే పిల్లలకి ఈ కథ చెబుతుంటాను. చెవుల్లో ఇయర్‌ఫోన్లు లేనివాళ్లు వింటారు.

మా సంఘ పెద్దల్లో ఒకాయన నాకు చిన్ననాటి స్నేహితుడు. ఈ గోలంతా విని, “అన్నీ మనమే మొయ్యాలంటే ఇంక దేవుడెందుకురా? నీ లెక్కన యాత్రకి ఒక్కడూ రాడు” అన్నాడు. మొదటి ముక్కకి నా దగ్గర జవాబు ఉంది. తాను నాటాననీ, అపొల్లో నీళ్లు పోశాడనీ, పెంచింది దేవుడనీ పౌలు రాశాడు. ఎదుగుదల మన చేతిలో లేదని ఆ మాట మనకి ఊరట. దాన్ని చూపించి అపొల్లో బిందె పక్కన పెట్టి నిద్రపోయాడని ఎక్కడా లేదు. రెండో ముక్క మాత్రం నిజమే కావచ్చు. తక్కువమంది వస్తారు. వారానికి పది పల్లెలు చుట్టేసే బస్సుకి బదులు ఒకే పల్లెకి, ఏడాది పొడుగునా, ముగ్గురో నలుగురో వెళ్లిరావాల్సి ఉంటుంది. ఫ్లెక్సీ మీద వేసుకోవడానికి ఏమీ ఉండదు.

మొన్నటి కమిటీ మీటింగులో ఆ ప్రతిపాదనే పెట్టాను. ఒకే ఊరు, అక్కడి పాస్టరుగారు రమ్మన్నప్పుడే వెళ్లడం, పీహెచ్‌సీ డాక్టరుకి ముందే చెప్పడం, చేతులెత్తించే పని అయ్యగారికే వదిలేయడం. యువజన సంఘం పిల్లలు మొహాలు ముడుచుకున్నారు. పెద్దలు కాసేపు గుసగుసలాడుకుని, ప్రార్థనాపూర్వకంగా ఆలోచించి నిర్ణయిద్దాం బ్రదర్ అన్నారు. అలాగే అన్నాను. ఆలోచించేది ఎవరెవరు, చెప్పేది ఏ తారీకుకి అన్నది మినిట్సు పుస్తకంలో రాయమన్నాను. కార్యదర్శి నా వైపు అదోలా చూసి పెన్ను మూత తీశాడు. మొదటి పేరు నాదే రాశాడు.